నిండుగా పోసిన చాయ్

సెయిత్‌ఖాన్ శవం పళ్ళ సందులోంచి డాక్టరు పట్టకారుతో తీసిన వస్తువు ఆవగింజ కంటే చిన్నది. గుండ్రంగా, లేత పసుపు రంగులో ఉంది. దీపం కింద గాజుపలక మీద పెట్టగానే తేనెబొట్టులా మెరిసింది.

"ఇంకో రెండు దొరికాయి," అన్నాడు డాక్టరు. "మనిషి పోయింది విషంతో. ఆ విషం ఎక్కణ్ణుంచి వచ్చిందని మాత్రం నన్నడక్కండి. రైలు పెట్టెలో అతను వాడిన కెటిల్, నీళ్ళు, చక్కెర, రొట్టె అన్నీ పరీక్ష చేశాం. అన్నీ శుభ్రం. చాయ్ తాగిన గిన్నె మాత్రం పోలీసులు వచ్చేలోగా ఎవరో కడిగి పెట్టేశారు."

మదియార్ ఆ గింజను వేలితో తాకబోయాడు. డాక్టరు అతని మణికట్టు పట్టుకుని ఆపాడు. గట్టిగానే పట్టుకున్నాడు.

ఆ పసుపు గింజను మదియార్ గుర్తుపట్టాడు. గూఢచారి శాఖలోకి రాకముందు రెండేళ్ళు అతను రసాయనశాస్త్ర విద్యార్థి. అలాంటి రెసిన్ పూసలతో నిండిన గాజుగొట్టాలను కడుగుతూ చలికాలాలు గడిపాడు. వాటిని కడిగించిన టీచరు పేరు రైఖాన్; శిష్యులందరికీ ఆమె అపాయ్, అంటే అక్కగారు. ఆ పూసలను తయారుచేసే మనిషి దేశం మొత్తంలో ఆమె ఒక్కతే.

ఆ ఉదయమే ఆల్మటీలోని ఆఫీసులో ఒరాజ్‌బెక్ ఆగా అతనికి బ్రీఫింగ్ ఇచ్చాడు. అందరూ ఆగా, అంటే అన్నగారు, అని పిలిచే శాఖాధిపతి ఒరాజ్‌బెక్ భారీ మనిషి. మాట కంటే నిట్టూర్పు ముందు వస్తుంది. బల్ల మీద కొత్తగా మెరుస్తున్న, చాయ్ వడకట్టే వెండి వడపోతలోంచి తన పిడిలేని గిన్నెలోకి చాయ్ వంపుకుని, ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఇది చాయ్ కాదు, వేణ్ణీళ్ళు. రక్తపోటుట. మా ఆవిడ రెండేళ్ళుగా ఇంట్లో ఉప్పు డబ్బాకి తాళం వేసి పెట్టింది. నిన్న మాంసం తిన్నాను తమ్ముడూ, అట్టముక్క నమిలినట్టుంది."

మదియార్ జేబులోంచి ఒక కుర్త్ ఉండ తీసి చూపించాడు. పుల్లపెరుగులో దండిగా ఉప్పు కలిపి ఎండబెట్టిన గట్టి ఉండ అది. స్టెప్పీ గడ్డిమైదానంలో పుట్టినవాడి జేబులో తాళంచెవి లేకపోయినా కుర్త్ ఉంటుంది.

"తీసెయ్ దాన్ని. వాసన తగిలినా ఆవిడకి తెలిసిపోతుంది," అన్నాడు ఒరాజ్‌బెక్. తర్వాత గొంతు మారింది. "సెయిత్‌ఖాన్ కోక్‌సెంగిర్ రెసిన్ సంస్థలో రైఖాన్‌కి డిప్యూటీ. ఆమె పూసలు ఒక సంచెడు బయటికి అమ్మాడు. కొన్నవాడే అతని నోరు మూయించాడు. వాడి పేరు డాక్టర్ రూతర్. పైకి ల్యాబ్ సామాన్ల వ్యాపారి. లోపల ఒక విదేశీ ముఠాకి ఇక్కడి పెద్ద."

"పూసలతో వాడికేం పని?"

"అది నీ టీచర్నే అడుగు. శనివారం ఆ సంస్థ వార్షికోత్సవం. మధ్యాహ్నం విందులో ఆమె ఏదో కొత్త పూస సంగతి ప్రకటిస్తుందిట. అది ప్రకటించేలోగా ఆమె చావాలని రూతర్ పైవాళ్ళకి మాటిచ్చాడు. అదే బల్ల దగ్గర వాడు తెచ్చే కొనుగోలుదారు ఒకడు కూర్చుంటాడు. వాడికది సరుకు ప్రదర్శన."

"ఈ కబురు ఎవరిచ్చారు?"

ఒరాజ్‌బెక్ ఒక ఫోటో బల్ల మీదికి తోశాడు. నక్కతోలు కాలరులో, కెమెరా ఎదుటివాడి చేతిలో ఉందన్న సంగతే పట్టనట్టు నవ్వుతున్న యువతి.

"వెనెరా. రూతర్ తెచ్చే విదేశీయులకి దుబాసీ, నెల నుంచి ఆ సంస్థలోనే ఉంటోంది. మనకీ పనిచేస్తుంది, వాడికీ పనిచేస్తుంది. ఎవర్ని ముంచేదీ ఆ రోజు దాకా ఆమెకే తెలియదేమో. నువ్వు అగ్నిమాపక ఇన్‌స్పెక్టర్‌వి. ఆమె కొండ ఆపిల్ పళ్ళు ఇంకా దొరుకుతున్నాయా అని అడుగుతుంది. పురుగులు మిగిల్చినవి ఉన్నాయని నువ్వు చెప్పాలి." ఒక ఫౌంటెన్ పెన్ను ఇచ్చాడు. "మూత తిప్పితే పరీక్ష కాగితం వస్తుంది. విషం తగిలితే నల్లబడుతుంది. అంతకంటే ఘనమైన పరికరం అడక్కు, బడ్జెట్ లేదు."

*

కోక్‌సెంగిర్ స్టెప్పీ మధ్య ఒంటరిగా నిలిచిన ఊరు. ఒకప్పుడు నేల అడుగు నీళ్ళలోంచి యురేనియాన్ని పూసలతో ఏరడానికి కట్టారు. గనులు మూతపడ్డాయి, పూసల విద్య మాత్రం మిగిలింది. మదియార్ చేరేసరికి గాలికి మంచు నేల మీద పాములా పాకుతోంది. సంస్థ కిటికీల్లో సగం చీకటిగా ఉన్నాయి.

ల్యాబ్ గుమ్మం దగ్గర స్టూలు మీద ఒక పళ్ళెం ఉంది. దాన్నిండా కుర్త్ ఉండలు.

"జేబులు ఖాళీ చెయ్ నాయనా," అంది లోపలినుంచి రైఖాన్ అపాయ్, తల ఎత్తకుండానే. "ఇన్‌స్పెక్టర్ వేషం వేసినంత మాత్రాన కుర్త్ తేకుండా ఉంటావా? నడక చప్పుడు వింటేనే తెలిసింది. గాజుగొట్టాలు పగలగొట్టేవాడి నడక అది."

మదియార్ సిగ్గుపడి తన ఉండను పళ్ళెంలో వేశాడు. అపాయ్ అంతగా మారలేదు. జుట్టు తెల్లబడింది. కళ్ళజోడు తాడు మాత్రం అదే.

ఆమె ఒక గాజుసీసాను ముందుకు జరిపింది. అందులో పసుపు పూసలు ద్రవంలో నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. సీసాను పట్టిన యంత్రం దాన్ని ఉయ్యాలలా మెల్లగా ఊపుతోంది.

"అయస్కాంతపు పుల్లతో తిప్పితే త్వరగా అవుతుంది కదా అపాయ్?"

"త్వరగా అవుతుంది, పూసలు పిండీ అవుతాయి. అప్పుడే చెప్పాను నీకు. నువ్వు వినలేదు, గూఢచారివయ్యావు." ఆమె కూర్చుంది. "మందుల ఫ్యాక్టరీల్లో రసాయన చర్య జరిపించడానికి ఒక రియేజెంట్ వాడతారు. అది లేకుండా సగం మందులు తయారుకావు. పొడిగా ఉంటే గాలికి లేస్తుంది. మా ఆయన దాన్ని ఒకే ఒక్కసారి పీల్చాడు. అందుకని ఆ విషాన్ని ఈ పాలిమర్ పూసలకి తగిలించాను. సీసాలో వేస్తే చెయ్యాల్సిన పని చేస్తుంది. అయ్యాక వడకడితే మందు కిందికి దిగుతుంది, విషం పూసలతో పాటు గుడ్డ మీదే ఉండిపోతుంది. నేల మీద ఒలికినా చీపురుతో ఊడ్చెయ్యొచ్చు. వాసన లేదు, ఆవిరి లేదు. ఏ ఫ్యాక్టరీలోనూ ఇంకో ఆడది నాలా అవకూడదనుకున్నాను."

"వాసన లేదు, ఆవిరి లేదు," అన్నాడు మదియార్ మెల్లగా. "ఏ సరిహద్దులోనైనా పట్టుబడకుండా దాటిపోతుంది."

అపాయ్ సీసాను ఊపుతున్న యంత్రాన్ని ఆపింది. బయట గాలి కిటికీ చెక్కను కొడుతోంది.

"భద్రంగా ఉండాలని చేశాను. భద్రంగా ఉండటమే దాని పాపమైంది," అంది. "ఒక లోపం ఉంది. అయస్కాంతం మేకును పట్టుకున్నట్టు ఈ పూస విషాన్ని పట్టుకుంటుంది. మామూలు నీళ్ళు పోస్తే వదలదు. ఉప్పునీళ్ళు పోస్తే ఉప్పును పట్టుకుని విషాన్ని వదిలేస్తుంది. ఆ పళ్ళెం అందుకే. అది తెలిసినవాళ్ళం నేనూ సెయిత్‌ఖానూ ఇద్దరమే. కొత్త పూస వేరు. గుండీ కుట్టినట్టు కుట్టాను. సముద్రంలో ముంచినా ఊడదు. శనివారం దాని తయారీ అందరికీ పంచిపెడతాను. ఆ తర్వాత పాత పూసల్ని ఎవరూ చెయ్యరు, చేసినవాడు దాచలేడు."

"శనివారం విందు మానెయ్యండి అపాయ్."

"మా ఆయన పోయినప్పటి నుంచి ఆ రోజు కోసం బతికాను. మానను." ఆమె లేచింది. "పద, బయటికి వెళ్దాం. మా పడమటి వైపు వాళ్ళం కుర్త్ నూరిపోసిన చాయ్ తాగుతాం. సెయిత్‌ఖానూ అదే తాగేవాడు. దొంగే కానీ మా ఊరివాడు."

మదియార్ ఆ చాయ్ తాగాడు. దాని గురించి ఆలోచించలేదు.

*

శనివారం పొద్దున్న సంస్థ అతిథిగృహంలో వెనెరా కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఫోటోలో కంటే అందంగా ఉంది, ఫోటోలో కంటే అలసిపోయి ఉంది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, కొండ ఆపిల్ పళ్ళు ఇంకా దొరుకుతున్నాయా?"

"పురుగులు మిగిల్చినవి ఉన్నాయి."

"అయితే మనిద్దరం ఉన్నట్టే." ఆమె గిన్నె అందుకుని అడుగున మూడు వేళ్ళ మందాన చాయ్ పోసి, మణికట్టు వంచి, కుడిచేత్తో అందించింది. పోత ఎంత నిక్కచ్చిగా ఉందంటే ఒక్క చుక్క అంచును తాకలేదు.

"మర్యాద బాగా నేర్పారు," అన్నాడు మదియార్.

"మా అమ్మమ్మ నేర్పింది. కొంచెం పోసి మళ్ళీ మళ్ళీ అడిగితే ఇంకాసేపు కూర్చోమని. నిండా పోస్తే చాలు ఇక లేవమని. మా పిన్నిని చూడ్డానికొచ్చిన పెళ్ళివాళ్ళకి మా అమ్మమ్మ అంచుదాకా పోసింది. వాళ్ళు బూట్లు సరిగ్గా తొడుక్కోకుండానే వెళ్ళిపోయారు." నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "పన్నెండు దాటాక ఈ జూకాలు పెట్టుకోవాలి. వీటిలోంచి నా ప్రతి మాటా రూతర్ చెవికి చేరుతుంది. అప్పుడు నన్నేమీ అడక్కండి. మా అమ్మ ఉండే ఇంటి ముందు వాడి కారు వారం నుంచి ఆగి ఉంది."

"విషం ఎలా వస్తుందో తెలుసా?"

"నాకు చెప్పలేదు. సమయానికి చేతికిస్తారు."

"నువ్వు ఎవరి వైపు వెనెరా?"

"మీ ఆగాకీ అదే సందేహం, రూతర్‌కీ అదే సందేహం. ఇంతమంది నా గురించి ఆలోచిస్తుంటే నాకు వేరే ఆలోచన ఎందుకు?"

మదియార్ ఆ కారు సంగతి ఆల్మటీకి ఫోన్ చేసి చెప్పి, తన మనుషుల్ని హాలు గుమ్మం దగ్గర కాపు పెట్టి, వంటింట్లోకి వెళ్ళాడు. వంటమనిషి కులియాష్ అతని ఎత్తు, అతనికి రెట్టింపు వెడల్పు. ఉప్పు డబ్బాలన్నీ తీసుకుపోతున్నానని చెప్పగానే ఆమె గరిటె కింద పెట్టింది.

"ఉప్పుతో ఇల్లు తగలబడుతుందని ఏ బడిలో చెప్పారు బాబూ?"

"కొత్త నిబంధన అక్కా."

"ఉప్పులేని మాంసం వడ్డిస్తే వాళ్ళు నన్ను ఉడకేస్తారు. అప్పుడు నీ నిబంధన వచ్చి ఆర్పుతుందా?"

అతను ఉప్పు డబ్బాలు, ఉప్పు వెన్న, ఊరగాయ జాడీలు అన్నీ గదిలో పెట్టి తాళం వేశాడు. నీళ్ళు మరిగించే సమోవారు పాత్రలో నీళ్ళు, పాలు, గిన్నెలు కాగితంతో పరీక్షించాడు. చాయ్ పోసే చోట పొందిగ్గా అమర్చిన వెండి వడపోతలోంచి కూడా వేడినీళ్ళు పోసి చూశాడు. కాగితం తెల్లగానే ఉంది.

దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచిన బల్ల మీద రొట్టెల పక్కన, ఎండుద్రాక్ష పక్కన, కుర్త్ నిండిన గిన్నెలు వరసగా ఉన్నాయి. మదియార్ చూపు వాటి మీదుగా జారిపోయింది. ఒక ఉండ తీసి బుగ్గన పెట్టుకున్నాడు కూడా. ఆ దేశంలో పుట్టినవాడెవడికీ కుర్త్‌ని ఉప్పు లెక్కలో వెయ్యాలని తోచదు.

*

మధ్యాహ్నం హాలు నిండింది. రైఖాన్ అపాయ్ గుమ్మానికి ఎదురుగా గౌరవ స్థానంలో కూర్చుంది, కొత్త నీలం శాలువాలో. ఆమెకు రెండు స్థానాల అవతల మదియార్. ఎదురుగా డాక్టర్ రూతర్: పల్చటి చేతులు, శుభ్రమైన గోళ్ళు, పొగడ్తలో కూడా తప్పులేని కజఖ్ భాష. పన్నెండేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాడు. అతని ముందు అతని సొంత ఫ్లాస్కు, అందులో కాఫీ. ఒక పక్కన వెనెరా, ఇంకో పక్కన మాటాపలుకూ లేని బూడిదరంగు సూటు మనిషి. అతను ఎవర్నీ చూడటంలేదు, రైఖాన్ చేతుల్ని మాత్రమే చూస్తున్నాడు.

మాంసం వచ్చింది. చప్పగా ఉందని ఎవరో గొణిగారు. ఎవరో కుర్త్ కొరుక్కున్నారు. అపాయ్ మాట్లాడటానికి లేవబోతే పక్కవాళ్ళు ఆపారు. "ముందు చాయ్, తర్వాత శాస్త్రం," అన్నారు.

కులియాష్ పెద్ద టీపాట్ తెచ్చి వెనెరా ముందు పెట్టింది. మొహం వెలిగిపోతోంది. వెనెరా చెవులకు జూకాలు ఊగుతున్నాయి. రూతర్ ఆమె భుజం దగ్గరికి వంగి, పొద్దున్న చాయ్ పోసే చోట ఉన్న వెండి వడపోతను తనే అందించాడు.

"మా సంస్థ తరఫున చిన్న కానుక. మొదటి గిన్నె అపాయ్‌కి," అన్నాడు.

వెనెరా వడపోత పట్టుకుని పోసింది. మూడు వేళ్ళు దాటింది. సగం దాటింది. ఆమె చెయ్యి ఆగలేదు. చాయ్ అంచుదాకా వచ్చి, అంచు మీద ఉబ్బి, నిలిచింది. దాన్ని అలాగే రైఖాన్ ముందు పెట్టింది.

బల్ల అంతా నిశ్శబ్దమైపోయింది.

ఎవరో తల దించుకున్నారు. ఒక ముసలాయన దగ్గాడు. ఆ ఇంటి పెద్దను, ఆమె పండగనాడు, లేచి వెళ్ళమన్నట్టయింది. రూతర్ మాత్రం అదే చిరునవ్వుతో కూర్చున్నాడు. ఆ నిశ్శబ్దం అతనికి గౌరవంలా వినిపించింది.

రైఖాన్ అపాయ్ వెనెరా మొహం చూసింది. ఆ పిల్ల పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"పరవాలేదు తల్లీ, చెయ్యి వణికింది," అంది నెమ్మదిగా. పదిమందిలో ఆడపిల్ల తలవంచుకోకూడదని, ఆ నిండు గిన్నెను త్వరగా తాగి తగ్గించెయ్యాలని, రెండు చేతులా ఎత్తింది.

పొద్దున్న ఒక్క చుక్క అంచుకు తగలకుండా పోసిన చెయ్యి అది. దానికి వణుకు తెలియదు. ఆ చెయ్యి లేచి వెళ్ళమంటోంది. మాటతో చెప్పలేక, గిన్నెతో చెబుతోంది.

అప్పుడు మదియార్ ముక్కుకు ఆవిరి తగిలింది. పులుపు. కుర్త్ నూరిపోసిన పడమటి చాయ్. ఉప్పు లేని విందుకు ప్రాయశ్చిత్తంగా కులియాష్ అపాయ్ రోజూ తాగే చాయ్‌నే అందరికీ కాచింది. ల్యాబ్ గుమ్మంలో పళ్ళెం అతని కళ్ళ ముందు మెరిసింది. తాళం వెయ్యాల్సినదంతా బల్ల మీదే ఉంది.

గిన్నె ఆమె పెదవులకు చేరుతోంది. అరిస్తే ఆమె ఎందుకని అడిగేలోగా ఒక గుక్క దిగిపోతుంది. మదియార్ చెయ్యి కుర్త్ గిన్నెలోకి వెళ్ళింది. చిన్నప్పుడు వీధిలో గొర్రె కీలెముకలతో ఆసిక్ ఆడినప్పుడు బొటనవేలితో ఎలా విసిరేవాడో అలాగే విసిరాడు. రాయిలాంటి ఉండ గిన్నె అంచుకు తగిలింది. పింగాణీ రెండుగా చీలింది. చాయ్ తెల్లగుడ్డ మీద పరుచుకుంది.

ఎవరూ కదలక ముందే అతను పెన్ను మూత తిప్పి కాగితాన్ని ఆ తడిలో పడేశాడు. అది అంచుల నుంచి మధ్యకు నల్లబడింది. "విషం," అన్నాడు రూతర్ వైపు చూస్తూ.

రూతర్ చెయ్యి కోటు లోపలికి పోయింది. ఆ చెయ్యి బయటికి రాకముందే అతని వెనకనుంచి కులియాష్ రెండు భుజాల మీదా తన బరువంతా వేసింది.

"మా అపాయ్ గిన్నెలో విషం కలుపుతావురా," అంది ప్రశాంతంగా. "కూర్చో. ఇంకా నీకు వడ్డించలేదు."

బూడిదరంగు సూటు మనిషిని గుమ్మం దగ్గర మదియార్ మనుషులు పట్టుకున్నారు. ఆల్మటీలో వెనెరా తల్లి ఇంటి ముందు కారును కూడా అదే సమయానికి చుట్టుముట్టారు.

వెనెరా జూకాలు తీసి బల్ల మీద పెట్టింది. వడపోతను తిరగేసింది. రెండు జాలీల మధ్య, బయటికి కనబడకుండా, పసుపు పూసలు కూరి ఉన్నాయి.

"రైల్లో సెయిత్‌ఖాన్‌కి ఇలాంటిదే నా చేత్తో ఇచ్చాను. కానుక అనుకున్నాను," అంది. "ఇప్పుడు ఇది వాడి చేతిలో చూశాక తెలిసింది. నేను రెండు వైపులా తిన్నదాన్నే. కానీ ఈ బల్ల మీద నెల నుంచి అపాయ్ పెట్టిన ఉప్పు తిన్నాను."

రైఖాన్ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఇప్పుడు వణుకుతోంది.

"ఎలా తెలిసింది?" అన్నాడు రూతర్, తప్పులేని కజఖ్‌లో. "ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. నేను విన్నాను."

"భాష బాగా నేర్చుకున్నారు డాక్టర్," అన్నాడు మదియార్. "పన్నెండేళ్ళలో ఒక్కసారైనా ఫ్లాస్కు పక్కన పెట్టి మాతో చాయ్ తాగాల్సింది."

అతను శుభ్రమైన గిన్నె తీసుకుని, సమోవారు నుంచి వేణ్ణీళ్ళు అంచుదాకా నింపి, రూతర్ ముందు పెట్టాడు. బల్ల చుట్టూ ఎవరో ఒకరు నవ్వారు. రూతర్‌కి అర్థం కాలేదు. పోలీసులు వచ్చి లేపినప్పుడు అర్థమైంది.

రైఖాన్ అపాయ్ తడిసిన గుడ్డను మడిచి పక్కన పెట్టింది. కళ్ళజోడు సరిచేసుకుని లేచి నిలబడింది. "కొత్త పూస గురించి," అని మొదలుపెట్టింది.

*

రూతర్ గదిలో దొరికిన వెల్వెట్ పెట్టెలో వడపోతలు పట్టే గుంటలు మూడు ఉన్నాయి. మొదటిది రైల్లో పనిచేసి మాయమైంది. రెండోది మదియార్ సంచిలో ఉంది. మూడో గుంటా ఖాళీయే.

ఆ ఖాళీ గుంటను తలుచుకుంటూ మదియార్ స్టెప్పీ అంతా దాటాడు. రోడ్డుకు రెండు వైపులా మంచు తప్ప ఏమీ లేదు. ఆ మూడో వడపోత ఎవరి వంటింట్లో ఉందో, ఎవరి చాయ్ కోసం ఎదురుచూస్తోందో. ఆల్మటీ చేరి, తలుపు తట్టకుండా ఆఫీసు గదిలోకి వెళ్ళాడు.

ఒరాజ్‌బెక్ ఆగా చప్పటి చాయ్ వంపుకుంటున్నాడు. వెండి వడపోతలోంచి.

"ఆగా. అది మీకెవరిచ్చారు?"

"ఇదా? ఏదో విదేశీ కంపెనీ కొత్త సంవత్సరానికి పంపింది. ల్యాబ్ సామాన్లు అమ్ముతారుట. రోజూ దీంతోనే తాగుతున్నా..." ఆయన మదియార్ మొహం చూశాడు. వడపోతను చూశాడు. దాన్ని ఎంతో నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

ఫోన్ అందుకుని ఇంటికి చేశాడు.

"ఏమీ లేదు," అన్నాడు భార్యతో. "నిన్నటి మాంసం బాగుందని చెబుదామని. ఉప్పు సరిగ్గా సరిపోయింది."